నాలుగు విమానాల లెక్క: ఎయిర్ కోస్టా ఎందుకు ఆగిపోయింది

ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్ బయట సర్వీసు ఆటో ఎప్పుడు కదులుతుందో రైలు దిగిన ప్రతివాడికీ తెలుసు. నిండాక కదులుతుంది. వెనక సీట్లో సర్దుకుని కూర్చున్నవాళ్ళు విసుక్కుంటున్నా, డ్రైవరు మాత్రం "ఇంకొక్కలే, ఇంకొక్కలే" అంటూ ప్లాట్‌ఫారం గేటు వైపు చూస్తూనే ఉంటాడు. ఫలక్‌నుమా గంట లేటైతే ఆటో కూడా గంట లేటు. అతనికి పోయేది ఆ గంటే తప్ప డీజిలు కాదు.

విమానానికి ఆ వెసులుబాటు లేదు. టికెట్ మీద టైము వేశాక, 67 సీట్లలో 20 మందే ఎక్కినా తలుపు మూసి బయల్దేరాల్సిందే. ఇద్దరు పైలట్ల జీతం, లోపల సిబ్బంది జీతం, ఇంధనం, విమానం అద్దె అన్నీ నిండు విమానానికి ఎంతో ఇంచుమించు ఖాళీ విమానానికీ అంతే. సంతలో పొద్దుగూకేదాకా మిగిలిన వంకాయల్ని అయినకాడికి అమ్ముకోవచ్చు, కాదంటే గేదెకు వేయొచ్చు. గాల్లోకి లేచిన విమానంలో ఖాళీ సీటు ఎవరికీ, దేనికీ పనికిరాదు.

విమానయానమంతా ఈ ఇబ్బంది మీదే నడుస్తుంది. పెద్ద కంపెనీ దాన్ని వందల సర్వీసుల మీద పంచుకుంటుంది. చిన్న కంపెనీ పంచుకోడానికి చోటుండదు. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో మొదలై, వైజాగ్‌తో సహా దక్షిణాది ఊళ్ళకు జెట్ విమానాలు నడిపి, 2017 ఫిబ్రవరి 28న సర్వీసులు ఆపేసిన ఎయిర్ కోస్టా కథ సారాంశం ఇంచుమించు ఇదే. మూడేళ్ళ నాలుగు నెలల బతుకు. అప్పట్లో దాని పతనాన్ని "మేనేజ్‌మెంట్ చేతకాలేదు" అనే ఒక్క మాటతో తేల్చేసినవాళ్ళు చాలామంది. ఆ మాట అబద్ధమని కాదు. కానీ అంతకంటే చేతనైనవాళ్ళు కూడా ఇదే చోట బోర్లా పడ్డారు.

కొత్త విమానాశ్రయం వచ్చే భోగాపురం పేరు వినబడినప్పుడల్లా ఉత్తరాంధ్రలో చిన్న విమానాల మాట కూడా వినబడుతోంది. విజయనగరం జిల్లా నుంచి విజయవాడకి, తిరుపతికి, కడపకి, రాయ్‌పూర్‌కి రోజూ ఓ చిన్న విమానం ఉంటే ఎంత బాగుణ్ణు అని. బాగానే ఉంటుంది. దాని ఖర్చు ఎవరు భరిస్తారో తెలియాలంటే పాత లెక్కలోకి ఒకసారి దిగాలి.

వైజాగ్ ఖాతాలో పడిన జనం

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల జనం విమానం ఎక్కితే ఇన్నాళ్ళూ ఆ లెక్క వైజాగ్ ఖాతాలోనే పడుతూ వచ్చింది. శ్రీకాకుళం నుంచి వైజాగ్ విమానాశ్రయం 100 కిలోమీటర్ల పైమాటే. పలాస, ఇచ్ఛాపురం వాళ్ళకైతే గంటసేపటి ప్రయాణానికి సగం రోజు ముందు ఇంట్లోంచి బయల్దేరాలి. పైగా అది నేవీ స్థావరం, ఐఎన్ఎస్ డేగా. పౌర విమానాలు అక్కడ అద్దెకున్నవాళ్ళ కిందే లెక్క, నేవీ అవసరాలు తీరాకే మిగతావాళ్ళ వంతు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ టెర్మినల్ పైకప్పును ఊడబెరికినప్పుడు కొన్ని రోజుల పాటు ఈ మూడు జిల్లాలకూ విమానమే లేకుండా పోయింది.

ఈ జనంలో రకాలున్నాయి. పైడిభీమవరం మందుల కంపెనీలకు వచ్చిపోయే ఇంజనీర్లు, ఆఫీసర్లు ఒక రకం. వీళ్ళ టికెట్ కంపెనీ కొంటుంది, ధర కన్నా టైము ముఖ్యం. హైదరాబాద్, బెంగళూరుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే పిల్లలు రెండో రకం. వీళ్ళు మూడు యాప్‌లు తెరిచి 200 రూపాయల తేడాకి కంపెనీ మారిపోతారు. గల్ఫ్‌కి వెళ్ళే వెల్డర్లు, ఫిట్టర్లు మూడో రకం. ఏజెంటు ఎక్కడ ఎక్కమంటే అక్కడ ఎక్కుతారు. ఇక చెన్నైకీ హైదరాబాద్‌కీ ఇళ్ళు కట్టే పనికి తట్టాబుట్టా కట్టుకుని వెళ్ళే కుటుంబాలు అసలు ఈ లెక్కలోకే రావు. వాళ్ళది జనరల్ బోగీ.

అంటే జనం ఉన్నారు, కానీ అన్ని రోజులూ ఒకేలా లేరు. సంక్రాంతి ముందు వారం హైదరాబాద్ నుంచి వచ్చే ప్రతిదీ కిటకిటే, అటు వెళ్ళేది ఖాళీ. కనుమ దాటాక ఇది తలకిందులవుతుంది. ఆర్టీసీ వాళ్ళు పండగ స్పెషళ్ళకు ఒకటిన్నర రెట్లు వసూలు చేసినప్పుడు చెప్పిన కారణం ఇదే, తిరుగు బస్సు ఖాళీగా వస్తుందని. బస్సుకే అంత బెంగ ఉంటే, దిగినా ఎగిరినా టన్నుల కొద్దీ ఇంధనం తాగే విమానం సంగతి చెప్పక్కర్లేదు.

ఎందుకా తొందర

లింగమనేని కుటుంబానికి చెందిన ఎల్ఈపీఎల్ గ్రూపు ఎయిర్ కోస్టాను పెట్టినప్పుడు ఆలోచనలో దోషం పెద్దగా లేదు. రెండో శ్రేణి ఊళ్ళను ఒకదానితో ఒకటి కలపాలి, 180 సీట్ల ఎయిర్‌బస్ నిండని చోట బ్రెజిల్ తయారీ 67 సీట్ల ఎంబ్రాయర్ ఈ170 (E170) జెట్ నడపాలి. విజయవాడ, వైజాగ్, తిరుపతి, కోయంబత్తూరు, జైపూర్, అహ్మదాబాద్ లాంటి ఊళ్ళు. చిన్న విమానానికి ప్రభుత్వం ఇచ్చే రాయితీలూ ఉన్నాయి. సీట్లు 80 లోపైతే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ విమానాశ్రయాల్లో ల్యాండింగ్ ఛార్జీ ఉండదు. బరువు 40,000 కిలోల లోపైతే విమాన ఇంధనం మీద అమ్మకం పన్ను బాగా తక్కువ. ఈ170 రెండు గీతలకూ లోపలే ఉంటుంది.

తర్వాత ఈ190 వచ్చింది. 112 సీట్లు. బరువు 40,000 కిలోలు దాటింది, సీట్లు 80 దాటాయి. రెండు రాయితీలూ ఒక్క దెబ్బతో పోయాయి. పోనీ ఎయిర్‌బస్ లాగా సీటుకయ్యే ఖర్చు తగ్గిందా అంటే అదీ లేదు. కాక్‌పిట్లో ఇద్దరే పైలట్లు. ఆ ఇద్దరి జీతాన్ని ఇండిగో 180 సీట్లకు పంచుతుంటే వీళ్ళు 112కే పంచాలి. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అదన్నమాట.

జెట్టును ఎంచుకోవడం కూడా ఆలోచించాల్సిన విషయమే. విజయవాడ, హైదరాబాద్ మధ్య ఆకాశమార్గాన 250 కిలోమీటర్లు. ఇంత దగ్గరి దూరంలో జెట్ పైకి లేచి తన వేగం అందుకునేలోపే దిగడం మొదలెట్టాలి. రెక్కకు ప్రొపెల్లర్ ఉండే ఏటీఆర్ పది, పదిహేను నిమిషాలు ఎక్కువ తీసుకున్నా ఇంధనం బాగా తక్కువ తాగుతుంది. ప్రయాణికుడికి మాత్రం ప్రొపెల్లర్ అంటే చిన్నచూపు, "ఫ్యాను విమానం" అంటాడు. జెట్ అంటే మోజు. ఆ మోజుకు ఎవరూ ఐదొందలు అదనంగా ఇవ్వరన్నది తర్వాత తెలిసొచ్చే విషయం.

సర్వీసులు మొదలై నాలుగు నెలలైనా నిండకముందే, 2014 ఫిబ్రవరిలో సింగపూర్ ఎయిర్‌షోలో, ఈ కంపెనీ 50 ఎంబ్రాయర్ ఈ2 విమానాలకు ఆర్డరు ప్రకటించింది. 25 చిన్నవి, 25 పెద్దవి. జాబితా ధర ప్రకారం దాదాపు 294 కోట్ల డాలర్లు. మరో 50 కొనుక్కునే హక్కు అదనం. అప్పటికి చేతిలో ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని. జాబితా ధర ఎవరూ కట్టరు, ఆర్డరు రోజున మొత్తం డబ్బూ కట్టక్కర్లేదు, అది నిజమే. అయినా ఒక ఆటో కిస్తీలు ఇంకా తీరనివాడు షోరూముకెళ్ళి 50 లారీలకు బయానా ఇచ్చినట్టే ఉంది ఆ ప్రకటన. ఆ రకం విమానాలు ప్రపంచంలో మొదటిసారి ప్రయాణికుల్ని ఎక్కించుకున్న 2018 ఏప్రిల్ నాటికి, ఆర్డరిచ్చిన కంపెనీ ఆగిపోయి ఏడాది దాటింది.

రూపాయల్లో రాబడి, డాలర్లలో అద్దె

విమానాలను కంపెనీలు కొనడం తక్కువ, అద్దెకు తీసుకోవడం ఎక్కువ. ఆ అద్దె డాలర్లలో ఉంటుంది. ముందుగా కొన్ని నెలల అద్దె డిపాజిట్ కింద కట్టాలి. అది కాక మెయింటెనెన్స్ రిజర్వ్ అని ఇంకొకటి ఉంటుంది. ఇంజను తిరిగిన ప్రతి గంటకూ ఇంత అని, రేపు దాన్ని విప్పి బాగుచేయడానికి అయ్యే ఖర్చును ముందే యజమాని దగ్గర జమ చేస్తూ పోవాలి. అదీ డాలర్లే. టికెట్లు అమ్మేది మాత్రం రూపాయల్లో.

2013 మొదట్లో డాలరు 54 రూపాయల దగ్గరుంది. ఆగస్టు చివర్లో ఒక దశలో 68 దాటింది. అక్టోబరుకు 61, 62కి దిగింది. 2017 మొదట్లో 67. లెక్క కోసం ఒక విమానం అద్దె నెలకు 2 లక్షల డాలర్లు అనుకుందాం. 54 లెక్కన అది 1 కోటీ 8 లక్షలు. 62 లెక్కన 1 కోటీ 24 లక్షలు. 67 అయితే 1 కోటీ 34 లక్షలు. విమానం అదే, సీట్లు అవే, వైజాగ్ నుంచి హైదరాబాద్ దూరం అంతే. నెలకు 26 లక్షలు పెరిగింది.

ఇంకాస్త దగ్గరగా చూద్దాం. 62 లెక్కన రోజుకు అద్దె 4 లక్షల పైచిలుకు. ఆ 67 సీట్ల విమానం రోజుకు 8 సర్వీసులు తిరిగి, సీట్లలో 70 శాతం నిండితే దాదాపు 375 మంది ఎక్కుతారు. అంటే ఒక్కొక్కరి టికెట్లోంచి సుమారు 1,100 రూపాయలు అద్దెకే పోతాయి. ఇంధనం, జీతాలు, విమానాశ్రయం ఛార్జీలు, రిజర్వ్ ఇవన్నీ ఆ తర్వాత. అదే విమానం ఏదో కారణాన 4 సర్వీసులే తిరిగిందంటే తలకు 2,200 అవుతుంది. పోటీవాడు 1,999కి టికెట్ అమ్ముతున్న రోజున ఈ లెక్క ఎలా ముగుస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే చిన్న విమాన కంపెనీల పాలిట ప్రాణం మీదికొచ్చేది సీట్లు నిండకపోవడం ఒక్కటే కాదు, విమానం నేల మీద నిలబడడం. నాలుగు విమానాల కంపెనీలో ఒకటి రిపేరుకు వచ్చిందంటే పావు వంతు టైంటేబుల్ పోయినట్టు. వంద విమానాలున్నవాడు పక్క ఊరి నుంచి ఇంకోదాన్ని పంపిస్తాడు. ఎయిర్ కోస్టా నడిచిన కాలంలో దేశంలో ఈ ఎంబ్రాయర్ ఈ-జెట్లతో రోజువారీ సర్వీసులు నడిపిన కంపెనీ అదొక్కటే. ఒక పార్టు కావాలంటే పక్క కంపెనీని అడిగి తెచ్చుకునే దారి లేదు. ఆ విమానానికి శిక్షణ ఉన్న పైలట్ మానేస్తే మార్కెట్లో ఇంకొకడు దొరకడు, కొత్తవాణ్ణి తయారుచేయాలంటే నెలలు.

దీని దెబ్బ తగిలేది పలాస నుంచి తెల్లవారుజామున కారు కట్టించుకుని వైజాగ్ వచ్చిన కుటుంబానికి. కౌంటరు దగ్గర "సాంకేతిక కారణాలు" అంటారు. డబ్బు వారం రోజుల్లో తిరిగొస్తుందంటారు. ఆ కంపెనీకి మధ్యాహ్నం ఇంకో సర్వీసు ఉండదు, రేపటికి సీట్లుండవు. ఇంకో కంపెనీ కౌంటర్లో అప్పటికప్పుడు కొంటే మూడు రెట్లు. తిరిగి ఇంటికెళ్దామంటే మళ్ళీ సగం రోజు. అలాంటిది ఒక్కసారి జరిగితే ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలో కూడా ఇంకెవరూ ఆ కంపెనీ టికెట్ కొనరు.

నూనె చవకైన కాలంలో

ఈ కథలో అందరూ పొరబడే చోటు ఒకటుంది. విమాన కంపెనీ మునిగిందంటే ఇంధనం ధర పెరిగి ఉంటుందని అనుకుంటాం. మన దేశంలో ఖర్చుల్లో దాదాపు 40 శాతం దాకా ఇంధనానిదే కాబట్టి ఆ అనుమానం సహజం. కానీ ఎయిర్ కోస్టా బతికిన కాలం చూడండి. 2014 జూన్‌లో పీపా 100 డాలర్ల పైన ఉన్న ముడిచమురు 2016 జనవరికి 30 డాలర్ల కిందికి పడిపోయింది. రాష్ట్రంలో విమాన ఇంధనం మీద వ్యాట్ కూడా 1 శాతానికి దిగింది. ఇంత చవక కాలం ఈ వ్యాపారానికి అరుదు. ఆ చవకలోనే ఇది ఆగిపోయింది.

చవక అందరికీ చవకే మరి. ఇంధనం దిగగానే పెద్ద కంపెనీలు రేట్లు తగ్గించి, విమానాలు పెంచి, ఇంతకుముందు చూడని ఊళ్ళ వైపు తిరిగాయి. 2015 ఆగస్టులో ఇండిగో 250 ఎయిర్‌బస్ ఏ320 నియోలకు ఆర్డరు ఇచ్చింది. ఒకేసారి. అంత సరుకు కొనేవాడికి దొరికే ధర, నాలుగు విమానాలు అద్దెకు తెచ్చుకున్నవాడికి దొరకదు. ఇంకోపక్క 2014లో రాష్ట్రం విడిపోయాక విజయవాడ దశ తిరిగింది. ఆఫీసర్లు, కాంట్రాక్టర్లు, లాయర్లు గన్నవరం బాట పట్టారు. అక్కడ ముందుగా దుకాణం తెరిచినవాడికి అది కలిసిరావాలి. కానీ విత్తు ఒకరిది, కోత ఇంకొకరిది అయింది. ఊరు నిండుతోందని తెలియగానే పెద్దవాళ్ళు వచ్చారు. ఖాళీగా ఉన్నప్పుడు ఒంటరిగా మోసిన రూటు, నిండడం మొదలవగానే నలుగురి పాలయింది.

2017 చివర్లో ఇండిగో ఏటీఆర్‌లు కూడా తెచ్చి, చిన్న ఊళ్ళ చిన్న విమానాల బరిలోకే నేరుగా దిగింది. ఎయిర్ కోస్టా అప్పటికే లేదు. ఉన్నా నిలబడేదని చెప్పడం కష్టం.

కొట్టులో ఖాతా మూసేసినట్టు

2016 ఆగస్టులోనే మొదటి హెచ్చరిక వచ్చింది. విమానాలు అద్దెకిచ్చినవాళ్ళతో తగాదా వచ్చి సర్వీసులు ఉన్నట్టుండి రద్దయ్యాయి. మళ్ళీ ఎగిరాయి గానీ, మాట బయటికి పొక్కింది.

విమాన కంపెనీకి వదంతి ఎందుకంత చేటు చేస్తుందంటే, అది నడిచేది రేపటి ప్రయాణికుడు ఇవాళ ఇచ్చిన డబ్బుతో. వచ్చే నెల సంక్రాంతికి కొన్న టికెట్ డబ్బు ఈ నెల జీతాలకు పోతుంది. "ఏమో, ఉంటుందో ఊడుతుందో" అనే మాట పుడితే ముందుగా కొనేవాళ్ళు ఆగిపోతారు. ట్రావెల్ ఏజెంట్లు డిపాజిట్లు తగ్గించుకుంటారు. అప్పు మీద ఇంధనం పోసే ఆయిల్ కంపెనీలు నగదు చూపిస్తేనే పోస్తామంటాయి. కింగ్‌ఫిషర్ చివరి రోజుల్లో దేశమంతా చూసిన దృశ్యమది. ఊళ్ళో కిరాణా కొట్టువాడు ఒకరి ఖాతా మూసేశాడంటే సాయంత్రానికి పాలవాడు, చాకలి, అద్దెల ఇంటాయన కూడా అడగడం మొదలెడతారు. అందరూ ఒకేరోజు అడిగితే ఏ ఇల్లూ నిలవదు, అప్పటిదాకా సవ్యంగా నడిచిన ఇల్లయినా సరే.

విమానం అద్దెకిచ్చినవాడి చేతిలో చట్టం కూడా బలమైనదే. అద్దె విమానాల మీద యజమానుల హక్కును కాపాడే అంతర్జాతీయ కేప్‌టౌన్ ఒప్పందంలో మన దేశం 2008లో చేరింది. అద్దె బాకీ పడితే, ముందే రాయించుకున్న అధికారపత్రం చూపించి రిజిస్ట్రేషన్ రద్దు చేయమని యజమాని అడగొచ్చు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 5 పనిదినాల్లో రద్దు చేయాలని 2015లో నిబంధన వచ్చింది. విజయనగరంలో ఫైనాన్స్ ఆటో రెండు కిస్తీలు తప్పితే సీజింగ్ కుర్రాళ్ళు కోట జంక్షన్లో ఆపి తాళం లాక్కెళ్తారు కదా, ఇదీ అంతే, కాకపోతే స్టాంపు కాగితాలతో. దీన్ని అన్యాయం అనలేం. ఆ భరోసా లేకపోతే మన కంపెనీలకు విమానాలు అద్దెకు ఇచ్చేవాడే ఉండడు, ఇచ్చినా ఎక్కువ అద్దె అడుగుతాడు. 2023లో గో ఫస్ట్ దివాలాకు వెళ్ళినప్పుడు విమానాలు వెనక్కి తీసుకోలేక యజమానులు ఇరుక్కుపోయారు. ఆ ఏడాది అక్టోబరులో కేంద్రం విమానాలను దివాలా చట్టం మారటోరియం (బాకీదారు ఆస్తిని ఎవరూ తీసుకుపోకుండా ఆపే గడువు) నుంచి తప్పించింది. 2025లో దీనికోసం ప్రత్యేకంగా ఒక చట్టమే తెచ్చింది. అద్దె ధర కాస్త తగ్గొచ్చు. కిస్తీ తప్పినవాడికి దొరికే గడువు మాత్రం ఇంకా తగ్గింది.

ఈ వరసలో టికెట్ కొన్నవాడు ఎక్కడో చివర. 2017 ఫిబ్రవరి 28న సర్వీసులు ఆగాయి. కొన్నాళ్ళేనని కంపెనీ చెప్పుకుంది. మళ్ళీ లేవలేదు.

వాళ్ళొక్కరే కాదు

ఎయిర్ కోస్టాకు ముందు చెన్నై నుంచి పారమౌంట్ ఎయిర్‌వేస్ ఇదే ఎంబ్రాయర్ జెట్లతో 2005లో మొదలై, అద్దెకిచ్చినవాళ్ళతో తగవుపడి 2010లో ఆగింది. బెంగళూరు ఎయిర్ పెగాసస్ 2015 ఏప్రిల్‌లో లేచి 2016 జూలైలో కూలబడింది, అక్కడా అద్దె గొడవే. రామ్‌చరణ్ ప్రచారంతో 2015 జూలైలో హైదరాబాద్ నుంచి మొదలైన ట్రూజెట్ కొంచెం తెలివైన దారి పట్టింది. జెట్ల జోలికి పోకుండా ఏటీఆర్‌లు తీసుకుంది, పెద్దవాళ్ళు రాని కడప, నాందేడ్, విద్యానగర్ లాంటి చోట్లకు వెళ్ళింది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్ళకు చవక విమానాల కోసం కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం మొదటి సర్వీసుల్లో కడప, హైదరాబాద్ విమానం దానిదే. కరోనాను కూడా ఎలాగో దాటి, 2022 ఫిబ్రవరిలో ఆగింది.

ఉడాన్ గురించి ఇక్కడ ఒక మాట. 2017లో దాని షరతులివి: గంట ప్రయాణానికి 2,500 రూపాయలకు సగం సీట్లు అమ్మాలి, ఆ నష్టాన్ని ప్రభుత్వం మూడేళ్ళు భర్తీ చేస్తుంది, ఆ రూటులో అప్పటిదాకా వేరేవాడు రాడు. చిన్న కంపెనీకి కావాల్సిన ఊపిరి ఇదే. మొదటి విడత రూట్లు ప్రకటించింది 2017 మార్చి 30న. ఎయిర్ కోస్టా ఆగి అప్పటికి సరిగ్గా నెల.

అయితే ఉడాన్ ఉంటే బతికేదా అన్నది వేరే ప్రశ్న. మొదటి విడతలో ఇచ్చిన 128 రూట్లలో 84 రెండే కంపెనీలకు వెళ్ళాయి, ఎయిర్ ఒడిశాకూ ఎయిర్ డెక్కన్‌కూ. 19 సీట్ల విమానాలు. సగం రూట్లు కూడా నడపలేక 2018 చివరికి రెండూ వాటిని పోగొట్టుకున్నాయి. ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ 2023లో చెప్పిన లెక్క ఇంకా కుండబద్దలు కొట్టింది. మూడో విడత దాకా ఇచ్చిన 774 రూట్లలో 403 మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళూ పూర్తి చేసినవి 112. రాయితీ అయిపోయాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. రాయితీ మూడేళ్ళలో పోతుంది, డాలరు అద్దె పోదు.

అందరూ మునిగారని కూడా అనలేం. కర్ణాటక నుంచి స్టార్ ఎయిర్ 2019 జనవరిలో మొదలై, 50 సీట్ల ఎంబ్రాయర్లతో కలబురగి, బెళగావి లాంటి చోట్లు పట్టుకుని నిలబడింది. 2023లో కొంచెం పెద్దవి, ఈ175లు తెచ్చుకుంది. అంటే అదే తయారీదారు, దాదాపు అదే రకం విమానం. మిగతా తేడాల సంగతి ఎలా ఉన్నా, పైకి కనబడేది ఒకటుంది. వాళ్ళు మెట్రో నుంచి మెట్రోకి ఇండిగో పక్కన నిలబడి టికెట్ అమ్మడం మీద ఆధారపడలేదు, మొదటి ఏడాదే 50 విమానాలు ఆర్డరివ్వలేదు.

భోగాపురం దగ్గర

2023 మే 3న శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయం మొదటి దశ సామర్థ్యం ఏడాదికి 60 లక్షల మంది. రన్‌వే 3.8 కిలోమీటర్లు. కట్టే పని చేపట్టిన జీఎంఆర్ గ్రూపు పుట్టిల్లు రాజాం, అప్పట్లో శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం. పౌర విమానయాన మంత్రి శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. ఇంతమంది మనవాళ్ళున్నప్పుడు చిన్న విమానం ఒకటి రాదా అనుకోవడం సహజం.

రావొచ్చు. కానీ ఆ రన్‌వే పొడవు చెప్పేదేమిటంటే, అది ముందుగా పెద్ద విమానాల కోసం కట్టింది. టెర్మినల్‌కు పెట్టిన పెట్టుబడి తిరిగి రావాలంటే ప్రయాణికుల మీద వేసే ఛార్జీ వైజాగ్‌లో ఉన్నంత తక్కువగా ఉండదు. 5,000 టికెట్లో ఆ ఛార్జీ కనబడదు, 1,800 టికెట్లో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పైగా రైలు పక్కనే ఉంది. సాయంత్రం విజయనగరంలో ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్ చేరేసే రైళ్ళు ఉన్నాయి. ఆ రైళ్ళలో సీటు దొరకనివాడే విమానం వైపు చూస్తాడు. విజయవాడకైతే వైజాగ్ నుంచి వందేభారత్ కూడా ఉంది.

రైలు బలహీనంగా ఉన్న వైపే చిన్న విమానానికి చోటుంది. విజయనగరం నుంచి తిరుపతి, కడప, అనంతపురం వైపు. అక్కడ జనం తక్కువ, అందుకే పెద్దవాడు రాడు, అందుకే రాయితీ కావాలి. మూడేళ్ళ తర్వాత ఏమిటన్నది మళ్ళీ అదే చిక్కుముడి. సీట్లు ముందుగానే కొనుక్కునే ఏర్పాటు, అంటే పైడిభీమవరం కంపెనీలో, ప్రభుత్వ శాఖలో రోజుకు ఇన్ని సీట్లు మావి అని హామీ ఇస్తే ఆ ముడి కొంత వదులవుతుంది. ఉద్దానంలో పలాస దగ్గర ఇంకో విమానాశ్రయం ప్రతిపాదన కూడా ఉంది. జీడిమామిడి, కొబ్బరి తోటలు పోతాయని అక్కడి రైతులు ఎదురు తిరిగారు. భోగాపురం నుంచే చిన్న విమానం నిండుతుందో లేదో తేలకముందు, దానికి పైన ఉన్న ఊళ్ళో ఇంకో రన్‌వే ఎవరి విమానం కోసమో అడగడం వాళ్ళ హక్కు.

2022 చివర్లో ఒడిశాలోని జయపురం నుంచి ఇండియావన్ ఎయిర్ భువనేశ్వర్‌కు, తర్వాత వైజాగ్‌కు ఒక విమానం నడిపింది. 9 సీట్లు, ఒకటే ఇంజను, ఒకటే ప్రొపెల్లర్. సాలూరు ఘాట్ రోడ్డు మీద మెలికలు తిరుగుతూ బస్సు అర్ధదినం తీసుకునే దారిని అది గంటలోపే దాటేది. 9 మంది ఎక్కితే నిండినట్టే, సర్వీసు ఆటో మాదిరి. నిండకపోయినా బయల్దేరాలి, అదొక్కటే తేడా.